నాలుగు చక్రాల ఏరేటర్లు రెండు, డీవో మీటర్ ఒకటి: ఒక పంట వాడాక

కంపెనీ పేరు అడగొద్దు, చెప్పను. నాకొచ్చిన ఇబ్బందులు ఆ ఒక్క సరుకులోనే ఉంటాయని నేను అనుకోవట్లేదు. నెల్లూరులో ఏ ఆక్వా షాపు ముందు ఆగినా దాదాపు ఇదే బొమ్మ, ఇవే తెడ్లు, స్టిక్కర్ ఒక్కటే మారుతుంది. అందుకని మిషన్ గురించి రాస్తా, అంటే రొయ్యల గుంట నీళ్లని తెడ్లతో చిలికి గాలి కలిపే ఏరేటర్ గురించి, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ (డీవో) కొలిచే మీటర్ గురించి. పేరుతో పనేముంది.

మాది విడవలూరు మండలం. రెండెకరాల గుంట, వనామీ రకం రొయ్య, చదరపు మీటరుకి 30 లెక్కన రెండు లక్షల నలభై వేల సీడ్ (రొయ్య పిల్లలు) వదిలాం. పాత ఏరేటర్లు మూడు ఉన్నాయి, అవి చాలక పోయిన పంటలో ఇబ్బంది పడ్డాం కాబట్టి ఈసారి 2 హెచ్‌పీ, నాలుగు చక్రాలవి ఇంకో రెండు కొన్నా. ఒక్కోటి 38 వేలు, స్టార్టరు, కేబులు విడిగా. వాటితో పాటు చేతిలో పట్టుకునే డీవో మీటర్, అది 14 వేలు. మీటర్ ఎందుకురా దండగ, రొయ్యలు పైకి తేలితే కళ్లకి కనపడవా అన్నాడు నాన్న. ఏరేటర్లు ట్రాక్టర్ లోంచి దించేటప్పుడైతే ఇంకో మాట కూడా అన్నాడు, "ఏందిరా అబ్బాయ్, రొయ్యలకి ఫ్యాన్లు పెడతన్నావా?"

ఆయన్ని అని లాభం లేదు. ఆయన నేర్చుకుంది 1990ల మొదట్లో టైగర్ రొయ్య మీద. అప్పుడు సీడ్ పలచగా వేసేవాళ్లు, నీళ్లు మార్చుకుంటూ నెట్టుకొచ్చేవాళ్లు, 1994 తర్వాత తెల్లమచ్చ వైరస్ వచ్చి అందర్నీ ముంచిందనుకోండి, అది వేరే కథ. 2009లో వనామీకి మన దేశంలో అనుమతి వచ్చాక లెక్క మారింది. ఒకే నీళ్లలో ఎక్కువ ప్రాణాలు. ఎక్కువ ప్రాణాలంటే ఎక్కువ ఊపిరి.

షాపులో ఏరేటర్ అమ్మేటప్పుడు ఏం చూపిస్తారంటే ఫోన్లో వీడియో చూపిస్తారు. నీళ్లు ఎంత ఎత్తు లేస్తున్నాయో, ఎంత నురగ వస్తుందో చూడన్నా అంటారు. నేనూ అది చూసే కొన్నా, అబద్ధమెందుకు. కానీ నురగని బట్టి ఏమీ తెలియదు, చెడిపోయిన నీళ్లలో కూడా నురగ బ్రహ్మాండంగా వస్తుంది, ఇంకా ఎక్కువ వస్తుంది. చూడాల్సింది తెల్లారుజామున నాలుగింటికి, ఏరేటర్‌కి దూరంగా ఉన్న మూల, అడుగుకి జానెడు పైన, ఆ నీళ్లలో లీటరుకి ఎన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉందని. ఇంకే లెక్కకీ 38 వేలు పెట్టక్కర్లేదు.

ఆ అంకె మీద నాకు ఇంత పట్టుదల రావడానికి కారణం మా అమ్మాయి. ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం, నెల్లూరులో హాస్టల్. దసరా సెలవులకి వచ్చి కట్ట మీద కూర్చుని శ్వాసక్రియ పాఠం గట్టిగా చదువుతుంటే, నేనూ కావలిలో బీఎస్సీ వెలగబెట్టిన వాణ్నే గదా, మధ్యలో దూరి ఒక గ్లూకోజు నుంచి 38 ఏటీపీలు (కణం ఖర్చు పెట్టుకునే శక్తి) వస్తాయి అన్నా. కాదు నాన్నా, ఇప్పుడు 30 నుంచి 32 అంటున్నారు అంది. అక్కడ మొదలైంది గొడవ. గూగుల్ చేసి చివరికి నేనే ఒప్పుకున్నా. పాత పుస్తకాల్లో 36, 38 అని కాగితం మీద లెక్క వేసి రాశారు, నిజంగా కణంలో కొంత దారిలో కారిపోతుంది, సరుకు అటూ ఇటూ మోసుకుపోవడానికి కొంత ఖర్చవుతుంది, చేతికి వచ్చేది 30, 32. మా గుంట గేర్‌బాక్స్ కూడా అంతే, కాగితం మీద ఒకటి, చేతికి ఒకటి, దాని సంగతి కింద చెప్తా.

సరే, విషయం ఏందంటే. మనం తిన్నా రొయ్య తిన్నా మేతలోని పిండి చివరికి గ్లూకోజు అయి కణంలోకి పోతుంది. గ్లూకోజుతో కణం నేరుగా ఏ పనీ చేయించుకోలేదు. కూలీలకి పొద్దు గూకాక బస్తా వడ్లు చూపించి పంచుకోమంటే కుదురుతుందా, చేతిలో డబ్బులు పెట్టాలి. కణానికి ఆ కూలి డబ్బు ఏటీపీ. కండ కదలాలన్నా, పెంకు కట్టాలన్నా, ఉప్పు నీళ్లలో ఒంట్లో ఉప్పు సరిగా నిలబెట్టుకోవాలన్నా ఏటీపీయే ఇవ్వాలి.

గ్లూకోజుని ఏటీపీగా మార్చే పని రెండు చోట్ల జరుగుతుంది. మొదటిది మైటోకాండ్రియా (కణం లోపల శక్తి తయారుచేసే చిన్న గది) బయట, కణంలోని ద్రవంలో, పది మెట్లలో. దీన్ని గ్లైకాలసిస్ అంటారు, దీనికి ఆక్సిజన్‌తో పనే లేదు. ఆరు కార్బన్ల గ్లూకోజు విరిగి మూడేసి కార్బన్లున్న రెండు ముక్కలు అవుతుంది, పైరువిక్ ఆమ్లం. ఖర్చులు పోను మిగిలేది 2 ఏటీపీలు. అంతే, రెండు. అసలు ఆదాయం రెండో చోట ఉంది. పైరువిక్ ఆమ్లం మైటోకాండ్రియా లోపలికి పోయి, హాన్స్ క్రెబ్స్ 1937లో బయటపెట్టిన ఆ చక్రంలో పడి, పూర్తిగా కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది. దాన్నుంచి పీకిన ఎలక్ట్రాన్లు లోపలి పొరలో వరసగా కూర్చున్న ప్రోటీన్ల మీదుగా చేతులు మారుతూ పోతాయి, ఆ పోయే దారిలో పుట్టిన శక్తితో ఏటీపీ తయారవుతుంది. వరస చివర్లో వాటిని అందుకునేది ఆక్సిజన్. అందుకుని హైడ్రోజన్‌తో కలిసి నీరు అవుతుంది. మనం పీల్చే గాలంతా, గుంటలో పెట్టే ఏరేటర్లన్నీ దాదాపుగా ఈ చివరి ఒక్క పని కోసమే.

నాకు ఇది పట్టుబడి రోజు లాగా కనిపించింది. వల లాగాక గుంట దగ్గర్నుంచి లారీ దాకా మనుషులు వరసగా నిలబడి ట్రేలు చేతులు మార్చుకుంటారు గదా. లారీ మీద అందుకునేవాడు ఒక్కడు బీడీకి పోయాడనుకోండి. చివరివాడు ట్రే పట్టుకుని నిలబడిపోతాడు, వాడి వెనకవాడు ఆగుతాడు, అట్లా ఆగుకుంటా ఆగుకుంటా గుంట దాకా వచ్చేస్తుంది. గుంటలో రొయ్యలున్నాయి, వల ఉంది, మనుషులున్నారు, కానీ ఖాళీ ట్రేలు లేవు. ఆక్సిజన్ లేని కణంలో జరిగేది ఇదే. ట్రేలు అంటే కణంలో హైడ్రోజన్‌ని, ఎలక్ట్రాన్లని మోసుకుపోయే ఎన్ఏడీ అనే చిన్న అణువులు. అవి నిండిపోతే గ్లైకాలసిస్ కూడా ఆగిపోతుంది, ఆ రెండు ఏటీపీలు కూడా రావు.

అప్పుడు కణం ఏం చేస్తుందంటే, ట్రేలు కట్ట మీద కుమ్మరించేస్తుంది. పైరువిక్ ఆమ్లం మీద ఆ హైడ్రోజన్‌ని దింపేస్తే అది లాక్టిక్ ఆమ్లం అవుతుంది, ట్రే ఖాళీ అవుతుంది, మళ్లీ రెండు ఏటీపీలకి పని నడుస్తుంది. సరుకు పోలేదు, కట్ట మీద కుప్పగా ఉంది, కానీ లారీ ఎక్కలేదు గదా. గ్లూకోజులో ఉన్న శక్తిలో చాలా భాగం ఆ లాక్టిక్ ఆమ్లంలోనే ఉండిపోతుంది. రొయ్యకీ మనకీ కండలో తయారయ్యేది ఇదే లాక్టిక్ ఆమ్లం. మా ఆవిడ రాత్రి రుబ్బిపెట్టిన దోసె పిండి పొద్దున్నకి పులిసేది కూడా దీనివల్లే, అక్కడ బ్యాక్టీరియా చేస్తుంది. కల్లు కుండలో ఈస్టు అయితే ఇంకో దారి పట్టి కార్బన్ డయాక్సైడ్ వదిలేసి ఆల్కహాలు చేస్తుంది, కుండ మీద పొంగు ఆ గాలిదే. లూయీ పాశ్చర్ 1860 ప్రాంతంలోనే గమనించాడంట, గాలి తగలని ఈస్టు చక్కెరని విపరీతంగా తినేస్తుంది, గాలి తగిలితే తక్కువ చక్కెరతోనే బాగా పెరుగుతుంది. మేత బస్తా ధర తెలిసిన ఎవరికైనా ఈ ముక్క చాలు.

ఇక్కడ ఒక పక్క మాట. ఈ ఏటీపీని 1929లో కనుక్కున్న వాళ్లలో మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఉన్నారు, హార్వర్డ్‌లో ఫిస్కే అనే ఆయనతో కలిసి. జర్మనీలో లోమాన్ అనే ఆయన కూడా అదే ఏడు, విడిగా, కాస్త ముందే చెప్పాడు. దానికి రెండేళ్ల ముందు, 1927లో, ఫాస్ఫోక్రియాటిన్ అనేదాన్ని బయటపెట్టింది కూడా ఫిస్కే, సుబ్బారావుగార్లే, అది కండలో అత్యవసరానికి దాచిన రొక్కం లాంటిది. సుబ్బారావుగారు పుట్టింది భీమవరం. ఇవాళ భీమవరం అంటే రొయ్యలు, చేపలు. రొయ్య కండలో ఫాస్ఫోక్రియాటిన్ పని చేసేది ఆర్జినిన్ ఫాస్ఫేట్, పదార్థం వేరు, పని ఒకటే. విసురు వల వేసినప్పుడు రొయ్య తోక కొట్టి వెనక్కి ఎగిరి దూకుతుంది చూడండి, ఆ మొదటి నాలుగు దూకుళ్లకి ఆక్సిజన్ కోసం ఆగదు, ఈ దాచిన రొక్కం ఖర్చు పెడుతుంది. అది అయిపోతే గ్లైకాలసిస్, లాక్టిక్ ఆమ్లం. అందుకే డీవో తక్కువున్నప్పుడు, ఎండ మండేటప్పుడు శాంప్లింగ్ పేరుతో వల వేసి వాటిని దూకించొద్దు. తోక వంకర తిరిగి తెల్లగా అయిపోయినవి నేను కళ్లారా చూశా, పాత పంటలో, నా తప్పే.

సరే, మిషన్ దగ్గరికి వస్తా.

రెండు నెలల దాకా బాగానే నడిచాయి. నాలుగు చక్రాల నుంచి నీళ్లు ఒకే తీరుగా లేస్తాయి, ఊగడం తక్కువ, పాతవాటితో పోలిస్తే చప్పుడు సగం. క్లాంప్ మీటర్ పెట్టి చూస్తే మోటారు మూడు ఆంపియర్లకి కాస్త పైన తీసుకుంటుంది, 2 హెచ్‌పీకి అది సరైనదే. గంటకి ఒకటిన్నర యూనిట్ పైచిలుకు అనుకోండి. ఒకటి మాత్రం షాపువాడు చెప్పలేదు, నేనే తెలుసుకున్నా, పెట్టే చోటే ప్రాణం. మొదట రెండూ గట్టు పక్కన ఎదురెదురుగా పెట్టా, నీళ్లు మధ్యలో గుద్దుకుని ఆగిపోయేవి. మీటర్ పట్టుకుని తిరిగితే ఏరేటర్ ముందు 5.2, ఈశాన్యం మూల 3.1. అదే గుంట, అదే నిమిషం. తర్వాత అయిదింటినీ ఒకే దిక్కుకి తిప్పి, నీళ్లు గుంట చుట్టూ గుండ్రంగా పోయేలా పెడితే ఆ మూల 4.3కి వచ్చింది. చెత్త కూడా మధ్యకి చేరింది. కాబట్టి మిషన్ పనిచేయట్లేదని షాపుకి పోయి కేకలేసే ముందు దాన్ని ఒకసారి తిప్పి చూడండి.

రొయ్యకి లీటరుకి 4 మిల్లీగ్రాముల పైన ఉంటే హాయి. 3 కిందకి వస్తే మేత తగ్గిస్తుంది. 2 కిందకి పోతే కట్ట మీద కుమ్మరించే పని మొదలైనట్టే, ఇంకా దిగితే చెప్పక్కర్లేదు. మనకి ఇది ఎంత ఇరుకో అర్థం కాదు, ఎందుకంటే మనం బతికేది గాలిలో. లీటరు గాలిలో 270 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ ఉంటుంది, లీటరు గుంట నీళ్లలో 5. నేను లెక్క కట్టా, రెండెకరాలు, నాలుగడుగుల నీళ్లు, దాదాపు 99 లక్షల లీటర్లు. డీవో 5 ఉందంటే మొత్తం గుంటలో ఉన్న ఆక్సిజన్ 50 కిలోలు కూడా కాదు. ఆస్పత్రుల్లో వాడే పెద్ద సిలిండర్లు ఐదింటిలో పట్టేస్తుంది. రెండు లక్షల ప్రాణాలు ఆ ఐదు సిలిండర్ల మీద రాత్రంతా బతకాలి. పైగా అవి ఒక్కటే తాగవు. పగలు ఆక్సిజన్ ఇచ్చిన ఆకుపచ్చ ప్లాంక్టన్ (నీళ్లలో తేలే కంటికి ఆనని నాచు) సూర్యుడు పోగానే అదీ తాగడం మొదలుపెడుతుంది, అడుగున బురదలో బ్యాక్టీరియా అదీ తాగుతుంది. నిజానికి రాత్రి ఖర్చులో రొయ్యల వాటా మనం అనుకునేంత పెద్దది కాదు.

నవంబరులో వాయుగుండం పట్టింది. మూడు రోజులు సూర్యుడే లేడు, ప్లాంక్టన్ పగలు కూడా పెద్దగా ఇచ్చిందేమీ లేదు. మూడో రాత్రి ఒకటిన్నర అప్పుడు కరెంటు పోయింది, జనరేటర్ బ్యాటరీ దిగి ఉంది (ఇదీ నా తప్పే, ఎవరి మీదా నెట్టను). పోయేటప్పుడు మీటర్‌లో 4.1. పక్క గుంట వాళ్ల బ్యాటరీ బతిమాలి తెచ్చి జనరేటర్ లేపేసరికి మూడు దాటింది, అప్పటికి 2.6. కాపలా కుర్రాడు టార్చి వేసి, "అన్నా, కట్ట పొడుగునా కళ్లే కళ్లు" అన్నాడు. టార్చి వెలుగులో రొయ్య కళ్లు నిప్పు కణికల్లాగా మెరుస్తాయి. అన్నీ అంచుకి, పైకి వచ్చేశాయి. మా నాన్న గొడుగు పట్టుకుని నిలబడ్డాడు, ఒక్క మాట అనలా. ఆక్సిజన్ టాబ్లెట్లు రెండు బకెట్లు చల్లాం, అయిదు ఏరేటర్లూ వేశాం.

కొత్త మిషన్ల విలువ నాకు ఆ రాత్రే తెలిసింది. వాన నీళ్లు తేలిక, ఉప్పు నీళ్లు బరువు, రెండూ కలవకుండా పైన ఒక పొర, కింద ఒక పొర నిలబడిపోతాయి. పైపొరలో ఆక్సిజన్ ఉన్నా కింద రొయ్య ఉండే చోటికి దిగదు. పాత రెండు చక్రాల ఏరేటర్ పైపొరని కొట్టి కొట్టి అక్కడే తిప్పుతుంది. నాలుగు చక్రాలవి ఆ పొరని చీల్చుకుని కలిపాయి, గంటలో అడుగున కూడా 3.5 కనిపించింది. ఇది నా మీటర్ చూపిన లెక్క, కంపెనీ కరపత్రంలోది కాదు. వాన పడేటప్పుడు ఏరేటర్ ఆపేవాళ్లు మా వైపు ఇంకా ఉన్నారు, పైనుంచి గాలి కలుస్తుంది గదా అని. ఆపొద్దు.

తర్వాత రెండు రోజులు చెక్ ట్రేల్లో (రొయ్య ఎంత తింటుందో చూడటానికి మేత వేసి దించే పళ్లేల్లో) మేత మిగిలిపోయింది. కట్ట మీద పోసిన కుప్పని మళ్లీ లారీకి ఎక్కించుకోవాలి గదా, ఆ లాక్టిక్ ఆమ్లాన్ని తిరిగి వాడుకోవడానికి కూడా ఆక్సిజనే కావాలి, అందుకే దెబ్బ తిన్న మర్నాడు కూడా ఏరేటర్లు పగలంతా తిప్పా. చచ్చినవి ఐదారు కిలోలు, అంతటితో బయటపడ్డాం. అమావాస్యకి ఇంకా నాలుగు రోజులు ఉండబట్టి సరిపోయింది, పెంకు వదిలే రోజుల్లో వాటికి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి, మెత్తగా ఉన్నవాటిని తోటివే తినేస్తాయి.

ఇప్పుడు తిట్లు.

ఒకటి, గేర్‌బాక్స్. డెబ్బై రోజులకి ఒకదాని సీలు పోయి ఆయిల్ నీళ్లలో కారింది. నీళ్ల మీద ఇంద్రధనుస్సు రంగులు చూసి కుర్రాడు చెప్పాడు. షాపుకి ఫోన్ చేస్తే రేపు వస్తాడన్నా మెకానిక్కు, రేపు వస్తాడన్నా అని నాలుగో రోజుకి పంపారు. నాలుగు రోజులు! డెబ్బై రోజులు దాటిన రొయ్య గుంటలో ఒక ఏరేటర్ ఆగితే నాలుగు రోజులు ఎవడు ఆగుతాడండి. నేనే ఇందుకూరుపేట నుంచి మోటారు మెకానిక్కుని తెచ్చి సీలు వేయించా, 900 అయింది. వారంటీలో వచ్చిన మనిషి పాతదాన్ని చూసి, బయటివాళ్లు విప్పారు కాబట్టి ఇక వారంటీ లేదన్నాడు. వాడితో వాదన పెట్టుకుంటే నాకు బీపీ పెరిగింది తప్ప ఏమీ రాలా.

రెండు, నట్లు బోల్టులు. స్టీలువి అని చెప్పి ఇచ్చారు. ఉప్పు నీళ్లకి రెండో నెలకే ఎర్రగా తుప్పు. ఒక తెడ్డు ఊడి గుంటలో పడింది, వలకి దొరికిందనుకోండి. కొన్న రోజే బోల్టులన్నీ తీసేసి మంచి స్టీలువి వేయించుకోండి, వెయ్యి లోపు అయిపోతుంది. ఫ్లోట్లు మాత్రం గట్టివి, ఎండకి పగల్లేదు.

మూడు, ఇది వాళ్ల తప్పని అనలేను కానీ అమ్మేటప్పుడు చెప్పాలి. ఏ ఏరేటరూ గుంట నడిమధ్య పేరుకున్న నల్ల బురదని బాగు చేయలేదు. ఒకరోజు మధ్యలోకి దిగి కాలితో కదిపితే కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పున కొట్టింది. అక్కడ ఆక్సిజన్ సున్నా. అక్కడ బతికే బ్యాక్టీరియా లారీ మీద ఆక్సిజన్‌కి బదులు సల్ఫేటుని నిలబెట్టుకుంటుంది, ఉప్పు నీళ్లలో సల్ఫేటుకి కొదవ లేదు గదా. ఎలక్ట్రాన్లని దానికి అందించి హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. బురద నలుపు కూడా ఆ సల్ఫైడ్ ఇనుముతో కలిసినందువల్లే. ఈ గ్యాసు చేసే పని చూడండి, మైటోకాండ్రియాలో ఆక్సిజన్ వచ్చి ఎలక్ట్రాన్లు అందుకునే ఆ చివరి ఎంజైమ్ ఉంది గదా, సరిగ్గా దాన్నే పట్టేస్తుంది. సైనైడ్ కూడా అక్కడే పట్టేది. అంటే లారీ మీద మనిషి ఉన్నాడు, కానీ ఎవరో లారీ తలుపు బిగించేశారు. మీటర్‌లో 5 చూపిస్తూనే ఉంటుంది, రొయ్య అడుగున చస్తూనే ఉంటుంది. డీవో బాగుంది గదా, ఎందుకు చచ్చాయని తల పట్టుకునేవాళ్లు ముందు అడుగు బురద వాసన చూడాలి. రొయ్య తినకుండా వదిలేసిన మేతే దానికి తిండి, కాబట్టి డీవో తక్కువున్న పూట మేత కోసేయడం నేను నేర్చుకున్న ఇంకో పాఠం. ఆ నడిమధ్య బురదని పంపు పెట్టి లాగించా, ఏరేటర్ వల్ల అదంతా ఒకచోట చేరింది కాబట్టి లాగడం తేలికైంది, ఆ మాత్రం మంచి చెప్పాలి.

మీటర్ సంగతి. నా ఓటు దీనికే ఎక్కువ. పట్టుకోవడానికి బాగుంది, పది మీటర్ల కేబులు, చీకట్లో అంకెలు వెలుగుతాయి. మూడు వారాలు వాడాక తెలిసింది ఏందంటే, దీంట్లో నీటి ఉప్పదనం ఎంతో మనం చెప్పాలి. పెట్టె లోంచి తీసినప్పుడు సున్నా మీద ఉంది, మా నీళ్లలో ఉప్పు అప్పుడు వెయ్యికి 20 పాళ్లు. ఉప్పు నీళ్లు ఆక్సిజన్‌ని తక్కువ పట్టుకుంటాయి, మీటర్‌కి ఆ సంగతి చెప్పకపోతే మంచి నీళ్లనుకుని లెక్క ఎక్కువ చూపిస్తుంది. 4 అని నేను గుండె మీద చేయి వేసుకుని పడుకున్న రాత్రుల్లో నిజంగా ఉన్నది మూడున్నర చిల్లర. పుస్తకంలో ఉంది, చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో, పద్నాలుగో పేజీలో. అమ్మినవాడికి ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా? మీటర్ చివర పొర మీద నాచు పడితే కూడా తప్పు చూపిస్తుంది, వారానికొకసారి మంచినీళ్లతో కడిగి, గాలిలో పెట్టి సరిచేసుకోవాలి. కడగడం కుర్రాడికి వదిలితే బట్టతో రుద్ది చించేస్తాడు, మాకు అయింది, కొత్త పొరకి 600.

పంట 112 రోజులకి పట్టాం. 52 కౌంట్ (కిలోకి 52 రొయ్యలు), మూడు టన్నుల నాలుగు వందల కిలోలు. పోయినసారి ఇదే గుంటలో రెండున్నర టన్నులు. అదంతా ఏరేటర్ గొప్పే అనను, సీడ్ ఈసారి బాగుంది, జబ్బులు రాలా. ఒక హెచ్‌పీకి 400, 500 కిలోల రొయ్య అని ఒక మోటు లెక్క వాడుకలో ఉంది. దాని ప్రకారం మాకు 8 హెచ్‌పీ సరిపోవాలి, 10 ఉంది. ఆ ఎక్కువ రెండూ వాయుగుండం రాత్రికి పనికొచ్చాయి, మిగతా రోజుల్లో కరెంటు బిల్లుకి పనికొచ్చాయి.

కాబట్టి నా మార్కులు: మిషన్‌కి ఐదుకి మూడున్నర. ఆ షాపు సర్వీసుకి ఒకటి, అది కూడా ఫోన్ ఎత్తినందుకు. మీటర్‌కి నాలుగున్నర. డబ్బులు తక్కువుండి ఒక్కటే కొనాలంటే ముందు మీటర్ కొనండి, ఉన్న ఏరేటర్లు అటూ ఇటూ తిప్పుకుని చూడండి, సగం సమస్య అక్కడే తీరుతుంది. డీజిల్ ఇంజన్ మీద నడిచే పొడుగు షాఫ్టువి ఎట్లా ఉన్నాయని మా పక్క గుంట ఆయన్ని అడిగా, నీళ్లు బాగా తిప్పుతుందంట కానీ డీజిల్ ఖర్చు చెప్పేటప్పుడు మొహం చూడలేకపోయా.

నాన్న ఇప్పుడు రాత్రి పూట మీటర్ ఆయనే తీసుకుని కట్ట చుట్టూ తిరుగుతున్నాడు. నిన్న పొద్దున టీ తాగుతా అడిగాడు, "ఈశాన్యం మూల నాలుగు లేదురా, ఆ కొత్త ఫ్యాను కాస్త ఇటు జరుపుదామా?"